అద్దాలు మార్చుకుందామని వెళ్తే తలకి స్కాన్ రాశారు

ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో కింద చెబుతాను. ఇది కళ్లజోళ్ల షాపు గురించి కాదు, కంటి ఆస్పత్రిలో చుక్కలు వేసి చేసే పూర్తి పరీక్ష గురించి. మెచ్చుకున్నవీ ఉన్నాయి, విసుక్కున్నవీ ఉన్నాయి కాబట్టి ఆస్పత్రి పేరు రాయడం లేదు.

నేను ప్రూఫులు దిద్దుతాను. వయసు 34. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒత్తులూ తలకట్లూ చూసుకుంటూ కూర్చోవడమే పని. 'ప'కీ 'వ'కీ మధ్య తేడా పైన ఉన్న ఒక్క సందు. ఆ సందు కనబడకపోతే నా బతుకుతెరువు పోయినట్టే. ఒకరోజు 'పని' అన్నమాటని 'వని' అనుకుని దిద్దబోయి ఆగాను. సైట్ పెరిగిందనుకున్నాను. అప్పటికే పొద్దున లేవగానే తలనొప్పి ఉండేది. దాన్నీ సైట్ ఖాతాలోనే వేశాను.

కళ్లజోళ్ల షాపుకి వెళ్లాను. మెషిన్‌లోకి చూడమన్నారు, లోపల బొమ్మ మసకబారి తేలింది, చీటీ బయటికొచ్చింది. పావు పవర్ పెరిగిందన్నారు. కొత్త అద్దాలు. తలనొప్పి తగ్గలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్తే మళ్లీ అదే మెషిన్, ఇంకో పావు పవర్, ఈసారి అద్దానికి నీలం పూత కూడా. "స్క్రీన్ ఎక్కువ చూస్తారు కదా మేడమ్, అందుకే" అన్నాడు అబ్బాయి. అతన్ని తప్పు పట్టను. ఆ మెషిన్ కొలిచేది కంటికి ఏ నంబర్ అద్దం సరిపోతుందన్నది ఒక్కటే. కంటి వెనక గోడ ఎలా ఉందో దానికి పట్టదు. కాకపోతే రెండోసారి వెళ్లినప్పుడైనా "ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి" అనాల్సింది. అనలేదు.

ఆస్పత్రికి వెళ్లింది కూడా నంబర్ మీద అనుమానంతోనే. మొదట ఒక అమ్మాయి కూర్చోబెట్టి అక్షరాల చార్ట్ చదివించింది. చివరి వరస దాకా గడగడా చదివేశాను. "చూపు బాగానే ఉందండీ, మరి ఇబ్బంది ఏమిటి?" అంది. తలనొప్పి అన్నాను. అంతే, ప్రశ్నలు మొదలయ్యాయి. పడుకుంటే ఎక్కువవుతుందా? దగ్గితే ఎక్కువవుతుందా? వంగి లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయా? చెవిలో ఏమైనా చప్పుడు వినిపిస్తుందా?

నేను బిత్తరపోయాను. కింద పడ్డ పెన్సిల్ కోసం వంగి లేస్తే రెండు మూడు సెకన్లు కరెంటు పోయి వచ్చినట్టు ఉండేది. రాత్రి పడుకుంటే కుడి చెవిలో గుండె లయతో పాటు హుష్ హుష్ అని గాలి కొట్టినట్టు వినబడేది. ఈ రెండూ ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. కంటికీ చెవికీ సంబంధం ఏమిటి అని నేనే వాటిని పక్కన పెట్టేశాను. ఈ మధ్య బరువు పెరిగారా అని అడిగింది. ఏడాదిలో పదకొండు కిలోలు. మొటిమలకి మాత్రలు వాడుతున్నారా, విటమిన్ ఏ మాత్రలు మింగుతున్నారా అని కూడా అడిగింది. వాడటం లేదు. అన్నీ రాసుకుంది. ఒక నక్షత్రం ఈ అమ్మాయికే.

తర్వాత జరిగిందొకటి చెప్పాలి. చుక్కల మందు పట్టుకుని ఇంకొకామె వచ్చేసింది. ఈ అమ్మాయి ఆపింది. "ఇంకా పాపలు చూడలేదు" అంది. చుక్కలు వేస్తే కంటిపాపలు పెద్దవై అలాగే ఉండిపోతాయి, వెలుతురుకి అవి ఎలా స్పందిస్తాయో ఇక ఆ పూట తెలియదు. అందుకని డాక్టర్ గారు వచ్చి ముందు ఆ పరీక్ష చేశారు. గదిలో లైటు తీసేసి, చిన్న టార్చి ఒక కంట్లోంచి ఇంకో కంట్లోకి, మళ్లీ ఇటు, మళ్లీ అటు. రెండు పాపలూ ఒకేలా ముడుచుకోవాలట. టార్చి మీదికి రాగానే ఒక కంటిపాప ముడుచుకోకుండా విప్పారితే, ఆ వైపు కంటి నరం సందేశం సరిగా మోయడం లేదని అర్థం. ఇక ఒక రెప్ప వాలిపోయి, అదే కంటి పాప పెద్దదై, దానికి తోడు తలనొప్పి కూడా ఉంటే కంటి ఆస్పత్రిలో కూర్చోవాల్సిన పని లేదు, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. మెదడులో రక్తనాళం బుడగలా ఉబ్బి, కంటిని తిప్పే నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు.

ఆ తర్వాత డాక్టర్ గారు చుక్కల సీసా ఎర్ర మూత తీసి నా కుడికంటి ముందు పెట్టారు. "ఇది ఎంత ఎరుపు?" ఎడమకంటి ముందు పెట్టారు. "అంతే ఎరుపా, వెలిసినట్టుందా?" ఇంత ఖరీదైన మెషిన్ల మధ్య ప్లాస్టిక్ మూతతో పరీక్ష ఏమిటి అని నవ్వొచ్చింది. కానీ కంటి నరం వాచినవాళ్లకి జబ్బు ఉన్న కంట్లో ఎరుపు ఇటుకరంగులా, గులాబీలా వెలిసిపోయి కనబడుతుందట. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే మెదడు, వెన్నుపాముల జబ్బు కొందరిలో మొట్టమొదట బయటపడేది ఇలాగే: ఒక కన్ను మసక, కన్ను తిప్పితే నొప్పి, ఎరుపు వెలవెల. నాకు రెండు కళ్లకీ ఒకే ఎరుపు.

అప్పుడు చుక్కలు వేశారు. చురుక్కుమంటాయి. పది నిమిషాలకి మళ్లీ వేశారు. నాది పూర్తిగా విప్పారడానికి దాదాపు నలభై నిమిషాలు పట్టింది. ఇక్కడే ఆ ఐదో నక్షత్రం పోయింది. చుక్కలు వేశాక దగ్గరివి కనబడవని, నాలుగైదు గంటలు అలాగే ఉంటుందని, బండి నడపకూడదని, తోడు ఎవరినైనా తెచ్చుకోమని, నల్ల కళ్లద్దాలు ఉంటే మంచిదని... ఇందులో ఒక్కటీ అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు చెప్పలేదు. నేను బండి మీద వెళ్లాను. పైగా సంచిలో అర్జెంటు ప్రూఫులు పెట్టుకుని మరీ వెళ్లాను, వెయిటింగ్ హాల్లో దిద్దుకోవచ్చని! చుక్కలు వేశాక కాగితం మీద అక్షరాలన్నీ చీమల బారులైపోయాయి. ఫోన్ కూడా చూడలేం. గంటన్నర గోడకేసి చూస్తూ కూర్చున్నాను. బెంచీ మీద అందరం అంతే, తలలు కొంచెం వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, ఎవరి ధ్యానంలో వాళ్లం.

డాక్టర్ గారి గదిలో గడ్డం ఒక స్టాండ్ మీద, నుదురు ఒక పట్టీకి ఆనించి కూర్చున్నాను. ఆవిడ వేళ్ల మధ్య చిన్న భూతద్దం లాంటిది పట్టుకుని నా కంటికి అంగుళం దూరంలో పెట్టారు. "నా చెవి వైపు చూడండమ్మా." చూశాను. కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు. ఎడమకన్ను. మళ్లీ కుడికన్ను. మాట్లాడటం మానేశారు. మళ్లీ ఎడమకన్ను. అప్పటికి అర్థమైంది, అద్దాల నంబర్ కోసమైతే ఇన్నిసార్లు చూడరని.

కంటిపాప నల్లగా ఉండేది లోపల చీకటి కాబట్టి కాదు. మనం తొంగి చూడబోతే మన తలే వెలుతురుకి అడ్డం వస్తుంది. వెలుగు ఏ దారిన లోపలికి పోతుందో ఆ దారినే తిరిగొస్తుంది కాబట్టి, చూసేవాడి కన్ను కూడా ఆ దారిలోనే ఉండాలి. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఈ చిక్కు విప్పి 1851లో తన పరికరాన్ని ప్రకటించాడు. బతికున్న మనిషి నరాన్నీ రక్తనాళాల్నీ కత్తి పెట్టకుండా చూసే వీలు డాక్టర్లకి అలా దొరికింది. ఇది తర్వాత చదివి తెలుసుకున్నాను, ఆ కుర్చీలో ఉన్నప్పుడు మాత్రం ఇవేమీ గుర్తురావు, గుండె దడ తప్ప.

ఆవిడ కాగితం మీద రెండు గుండ్రాలు గీసి చూపించారు. ఒకటి మామూలు కంటి నరం తల. చుట్టూ అంచు స్పష్టంగా, తీరుగా. రెండోది నాది. అంచు లేదు. ఉబ్బిపోయి చెదిరింది. నాకు ఒకే పోలిక తట్టింది: పలచటి కాగితం మీద సిరా ఎక్కువై అచ్చు పడిన సున్న. చుట్టూ సిరా పాకిపోయి సున్నో చుక్కో తెలియదే, అలా. రెండు కళ్లలోనూ అంతే.

"ఇది కంటి జబ్బు కాదమ్మా. తలలో ఒత్తిడి పెరిగినట్టుంది. ఈ రోజే స్కాన్ చేయించుకోండి" అన్నారు.

కంట్లో చూసి తలలో సంగతి ఎలా చెప్పారో కూడా వివరించారు. కంటి వెనక గోడకి ఉండే రెటీనా అంటే ఏదో అతికించిన పొర కాదట, మెదడులో భాగమే. గర్భంలో నాలుగో వారం ప్రాంతంలో మెదడు నుంచే రెండు మొగ్గల్లా ముందుకి పొడుచుకొచ్చి తయారవుతుంది. కంటి నరం కూడా చేతికీ కాలికీ వెళ్లే నరాల జాతిది కాదు, మెదడు తంతే. పది లక్షలకి పైగా పోగులున్న తాడు లాంటిది. మెదడు చుట్టూ ఉండే పొరలే దీని చుట్టూ కూడా ఉంటాయి, మెదడు చుట్టూ ఉండే నీరే దీని చుట్టూ కూడా ఉంటుంది. తలలో ఆ నీటి ఒత్తిడి పెరిగితే నరం వెంబడి కంటి దాకా వస్తుంది, నరం తల ఉబ్బుతుంది. ఒత్తిడి పెరగడానికి కారణం కణితి కావచ్చు, మెదడు నుంచి రక్తం తీసుకెళ్లే సిరలో గడ్డ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అది కంట్లో చూసి చెప్పలేరు. అందుకే స్కాన్.

స్కాన్‌కి పంపేముందు అక్కడే రెండు పరీక్షలు చేశారు. మొదటిది ఫీల్డ్ టెస్ట్. తెల్ల గిన్నెలాంటి దాంట్లోకి తల పెట్టి, మధ్య లైటు మీద చూపు నిలిపి, చుట్టుపక్కల ఎక్కడ చుక్క మెరిసినా బటన్ నొక్కాలి. చెప్పలేనంత విసుగు. మెరిసిందో, మెరిసిందనుకున్నామో మనకే తెలియదు. తప్పు నొక్కుతున్నామేమో అని టెన్షన్. తప్పు నొక్కులు మెషిన్ లెక్కేసుకుంటుందట, ఆ మాట ముందే చెప్పి ఉంటే నేను కాస్త స్థిమితంగా ఉండేదాన్ని. ప్రతి కంటికీ ఒక గుడ్డి మచ్చ ఉంటుంది, నరం బయటికి వెళ్లే చోట వెలుగుని పట్టే కణాలు ఉండవు కాబట్టి. నా రెండు కళ్లలోనూ ఆ మచ్చ పెద్దదైంది. ఇదే పరీక్షలో రెండు కళ్లకీ చెవుల వైపు సగం కనబడటం లేదని తేలితే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర కణితి ఉందేమో చూస్తారు. రెండు కళ్ల నరాలూ ఒకదాన్నొకటి దాటే చోటు సరిగ్గా ఆ గ్రంథి పైనే ఉంటుంది మరి.

రెండోది ఓసీటీ. 1991లో మొదటిసారి వెలువడిన పద్ధతి. ఒక నిమిషం పని. కంటికి కనబడని కాంతిని లోపలికి పంపి, అది తిరిగొచ్చే తీరుని బట్టి రెటీనా పొరల మందాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతుల్లో, కొలుస్తుంది. నా నరపు పోగుల పొర కుడికంట్లో 168, ఎడమకంట్లో 154. మామూలుగా వంద దరిదాపుల్లో ఉండాలి.

ఇక స్కాన్ సంగతి. కణితి లేదు, గడ్డ లేదు. మర్నాడు ఇంకో ఆస్పత్రిలో పక్కకి తిప్పి పడుకోబెట్టి వెన్నులోంచి నీరు తీసి ఒత్తిడి కొలిచారు. గొట్టంలో ఆ నీరు ఎంత ఎత్తుకి లేస్తుందన్నదే కొలత. 25 సెంటీమీటర్లు దాటకూడదు, నాది 34. జబ్బు పేరు ఇడియోపథిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్. చివరి రెండు మాటలకీ తల లోపల ఒత్తిడి పెరగడమని అర్థం, ఇడియోపథిక్ అంటే కారణం తెలియదని. తెలియదని పేరులోనే ఒప్పేసుకున్న జబ్బు! ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లకి, అందులోనూ బరువు పెరిగినవాళ్లకి వస్తుందట. పట్టించుకోకుండా వదిలేస్తే నరం ఎండిపోయి, పోయిన చూపు తిరిగి రాదు. అక్షరాల చార్ట్ చివరి వరస దాకా చదవగలుగుతూనే చుట్టుపక్కల చూపు పోగొట్టుకుంటూ ఉండొచ్చు. చార్ట్ బాగా చదివానని మురిసిపోయిన నాకు ఆ మాట బాగా గుచ్చుకుంది.

ఎసిటజోలమైడ్ మాత్రలు రాశారు. వేళ్ల చివర్లూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి, గ్యాస్ ఉన్న డ్రింక్ తాగితే చేదుగా చచ్చిన రుచి వస్తుంది, మాటిమాటికీ బాత్రూమ్‌కి పరుగెత్తాలి. ఇవి ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. బరువు తగ్గమన్నారు. ఐదు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను.

మళ్లీ ఆస్పత్రి సేవల దగ్గరికొస్తే, డాక్టర్ గారు ఎంత ఓపిగ్గా చెప్పారో చేతికిచ్చిన కాగితం అంత మొండిగా ఉంది. మూడు ముక్కల ఇంగ్లీషు, అదీ కోడిగీతల్లో. ఇంటికెళ్లి ఎవరికైనా చూపిస్తే ఏం అర్థమవుతుంది? కంటి లోపలి ఫోటోలు తీశారు కానీ అడిగితే తప్ప ఇవ్వలేదు. మీరు వెళ్తే అడిగి తీసుకోండి. వచ్చే ఏడాది ఇంకో డాక్టర్ పోల్చి చూడటానికి అంతకన్నా పనికొచ్చేది లేదు.

నా సంగతి చూసి మా నాన్నని కూడా తీసుకెళ్లాను. వయసు 67, కళ్లజోడు తప్ప ఏ డాక్టర్ మొహమూ చూడని మనిషి. శుక్లం ఉందేమో చూడమని వెళ్లాం. శుక్లం మొదలైంది, ఇంకా తొందరలేదన్నారు. కానీ డాక్టర్ గారు కంటి ఫోటో స్క్రీన్ మీద పెట్టి పెద్దది చేశారు. నారింజ రంగు నేల మీద ఎర్ర కొమ్మలు. సన్నటి లేత గీత ధమని, లావుపాటి ముదురు గీత సిర. రెండూ ఒకదాన్నొకటి దాటే చోట సిర నొక్కుకుపోయి, అటూ ఇటూ తెగినట్టుంది. నీళ్ల పైపు మీద ఎవరో కాలు పెట్టినట్టు. ఆ కూడలిలో రెండు నాళాలూ ఒకే తొడుగులో ఉంటాయట, చాలాకాలం బీపీతో ధమని గట్టిపడితే కింద ఉన్న సిరని అణిచేస్తుంది. పక్కనే మంట ఆకారంలో రెండు చిన్న రక్తపు చారలు.

"బీపీ ఉందా అండీ?"

"నాకా? నాకు కోపమే రాదమ్మా, బీపీ ఎందుకొస్తుంది?" అన్నారు నాన్న.

నర్సు పట్టీ కట్టి చూస్తే 178 మీద 104. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 172 మీద 102. నాన్న ఆ మెషిన్ పాడైందన్నారు. కానీ ఫోటోని ఏమనాలో తెలియక ఊరుకున్నారు. కిడ్నీలూ గుండే ఎలా ఉన్నాయో చూపించుకోమని జనరల్ డాక్టర్‌కి రాశారు, రక్తనాళాలు కంట్లో ఇలా ఉంటే అక్కడ కూడా చూడాలి కదా. షుగర్ కూడా ఇంతే, చుక్కల్లాంటి రక్తపు మచ్చలు, పసుపుపచ్చ కొవ్వు మరకలు కనబడేదాకా చూపులో ఏ తేడా తెలియకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు చూపు బాగున్నా ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని చూపించుకోవాలనేది అందుకే. టైప్ 2 అయితే షుగర్ ఉందని తెలిసినరోజే మొదటి పరీక్ష.

ఇదంతా చదివి కంట్లో చూస్తే ఒంట్లో ప్రతి జబ్బూ తెలిసిపోతుందనుకునేరు. అలా చెప్పేవాళ్లూ ఉన్నారు. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని ఫోటో తీసి, ఈ గీత లివర్, ఆ మచ్చ కిడ్నీ అంటారు. ఇరిడాలజీ అంటారు దాన్ని. పరీక్ష పెట్టి చూసినప్పుడు నిలబడలేదు. దానికి నేనైతే సున్నా నక్షత్రాలు ఇస్తాను. నల్లగుడ్డు బయటి అంచున గోధుమ, ఆకుపచ్చ కలిసిన రాగి వలయం కనిపిస్తే, ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు అనుమానించడం వేరే సంగతి, అక్కడ నిజంగానే రాగి పేరుకుంటుంది. రెటీనా ఫోటో చూసి అది ఆడా మగా, సిగరెట్ తాగుతారా లేదా అని కంప్యూటర్ ఊహించగలదని 2018లో గూగుల్ పరిశోధకులు చూపించారు. ఫోటోలో ఆడా మగా తేడా ఏ డాక్టరూ చెప్పలేరు. అల్జీమర్స్‌ని కంట్లోనే ముందుగా పట్టుకోవాలని కూడా పరిశోధనలు జరుగుతున్నాయి. మా ఇంట్లోవాళ్లు మా పెద్దమ్మ మతిమరపు గురించి అడిగితే డాక్టర్ గారు "అది ఇంకా పరిశోధన దశే, దానికి కంటి పరీక్ష మీద ఆధారపడకండి" అని తేల్చి చెప్పేశారు. నాకు ఆవిడలో బాగా నచ్చింది ఇదే.

మొన్న ఐదో నెల పరీక్షకి వెళ్లాను. ఈసారి ఆటోలో, నల్ల కళ్లద్దాలతో, ప్రూఫులు ఇంట్లో వదిలేసి. ఓసీటీ కుడివైపు 102, ఎడమవైపు 99. గుడ్డి మచ్చ మామూలు సైజుకి దగ్గరగా వచ్చింది. చెవిలో హుష్ హుష్ లేదు. వచ్చేముందు కొత్త అద్దాల నంబర్ రాయమని అడిగాను. ఆ అమ్మాయి పరీక్ష చేసి, షాపు వాళ్లు ఇచ్చిన రెండు చీటీలూ పక్కన పెట్టి చూసి నవ్వింది. మూడేళ్ల కిందటి పాత జోడు నంబరే సరిగ్గా సరిపోతోంది. ఆ కాడ విరిగితే దారంతో కట్టాను, దాంతోనే ఇది టైప్ చేస్తున్నాను.